వేడెక్కితే పొక్లెయిన్ నీరసపడుతోంది, పంపు మార్చమంటున్నారు. నమ్మొచ్చా?

మట్టిమనిషి
20 టన్నుల పొక్లెయిన్, మీటరు తొమ్మిది వేల గంటలు దాటింది. పొద్దున్న పని మొదలుపెట్టినప్పుడు ఏ లోపమూ కనబడదు. రెండు గంటలు నడిచాక బూమ్ (ముందుండే పెద్ద చెయ్యి) లేవడం, స్వింగ్ (పైభాగం చుట్టూ) తిరగడం, అన్నీ మెల్లబడతాయి. నిండు బకెట్‌తో బూమ్ ఎత్తుతున్నా ఇంజిన్ గొంతు మారదు, పని తనది కానట్టు తిరుగుతూ ఉంటుంది. భోజనానికి గంట ఆపి మళ్ళీ మొదలుపెడితే కాసేపు బాగుంటుంది, తర్వాత షరా మామూలే. మెకానిక్ వచ్చి హోస్ మీద చెయ్యి పెట్టి చూసి, మెయిన్ పంపు పోయింది, మార్చేయండి అన్నాడు. ప్రెషర్ కొలిచే గేజు పెట్టలేదు, ఒక్క నట్టు విప్పలేదు. ఆయిల్, ఫిల్టర్లు ఈ మధ్యే మార్చాం. పంపు ఖరీదు తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు. నిజంగా పంపేనంటారా?

వంకరపళ్ళు
చెయ్యి పెట్టి పంపు పోయిందని చెప్పేవాడు జాతకం కూడా చెప్పగలడు. నంబరు పంపు బాసూ, నా పెళ్ళి సంగతి కనుక్కోవాలి.

గేజురాయుడు
ఇంజిన్ గొంతు మారట్లేదన్నావు చూడు, మిగతాదంతా పక్కనపెట్టి ముందు అది పట్టుకో. బరువు ఎత్తేటప్పుడు ఇంజిన్ కుంగి నల్లపొగ వదిలితే డీజిల్ దగ్గరో గాలి దగ్గరో వెతకాలి. కుంగకుండా హాయిగా తిరుగుతుంటే ఇంజిన్ దగ్గర బలం ఉంది, హైడ్రాలిక్ వైపు ఆ బలం తీసుకోవట్లేదు. తీసుకోకపోవడానికి పంపు అరిగిపోవడం ఒక్కటే కారణం కాదు. పంపుకి "ఎక్కువ ఆయిల్ ఇవ్వు" అన్న కబురు అందకపోయినా ఇంతే. కంట్రోల్ వాల్వ్‌లో అటూ ఇటూ జరిగి ఆయిల్‌కి దారి తెరిచే కడ్డీ, అంటే స్పూల్, పూర్తిగా తెరుచుకోకపోయినా ఇంతే.

మూడు ప్రశ్నలకు జవాబు చెప్పు. అన్ని పనులూ ఒకేలా మెల్లబడుతున్నాయా, ఏదైనా ఒకటి మరీ ఎక్కువా? నడిపిస్తే తిన్నగా పోతోందా, ఒక పక్కకు లాగుతోందా? మెల్లబడిన సమయంలో ఆయిల్ వేడి ముల్లు ఎక్కడుంది?

డీజిల్‌దాసు
రాయుడన్న మాటకి చిన్న చేర్పు. ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న మెషీన్ అయితే, ఆయిలో కూలెంటో బాగా వేడెక్కినట్టు సెన్సర్ చెబితే కంప్యూటరే పంపు పని తగ్గించేస్తుంది. మెషీన్‌ని కాపాడటానికి అది కావాలనే చేసే పని. సెన్సర్ అబద్ధం చెప్పినా అదే జరుగుతుంది. మానిటర్‌లో ఎర్రర్ కోడ్ ఏమైనా ఉందేమో చూసుకో. అందుకు స్పానర్ కూడా అక్కర్లేదు.

మట్టిమనిషి
కోడ్ ఏమీ లేదు. ముల్లు ఆకుపచ్చ దాటదు గానీ ఆకుపచ్చలో పై చివరికి పోతుంది. అన్నీ మెల్లబడతాయి, బూమ్ ఎక్కువ తెలుస్తుంది. నడకలో ఎడమ చైన్ కొంచెం వెనకబడుతుంది, స్పీడులో ఇంకా ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు అది కూడా తెలీదు.

బ్రేకర్‌బాబు
కూలర్ శుభ్రం చేశారా? బయట నుంచి చూస్తే తళతళా ఉంటుంది, అసలు కథ లోపల. ఆయిల్ కూలర్, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి ఉంటే ఆ రెంటికీ మధ్య సందులో దుమ్ము, ఆయిల్ జిడ్డు కలిసి దుప్పటిలా పేరుకుంటుంది. క్వారీలో మా మెషీన్‌కి ఆ సందులోంచి వేళ్ళతో లాగితే అట్టలు అట్టలుగా ఊడొచ్చింది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ గాలి వచ్చే దిక్కుకి ఎదురుగా కొట్టండి, లేకపోతే చెత్త ఇంకా లోపలికి పోతుంది. నీళ్ళ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఫిన్నులు పడుకుంటాయి, జాగ్రత్త.

సీల్‌కిట్
ఫ్యాన్ కూడా చూడండి. ఎవరైనా విప్పి తిరగేసి బిగించి ఉంటే గాలి ఎదురు దిక్కుకి కొడుతుంది, చల్లబడదు.

డీజిల్‌దాసు
తమ్ముడూ, తిరగేసి బిగిస్తే గాలి దిక్కు మారదు. రెక్క వంపు తీరు అదే, తిరిగే దిశ అదే. రెక్క వీపు ముందుకొస్తుంది కాబట్టి గాలి తగ్గుతుంది అంతే. దిక్కు మారాలంటే తిరిగే దిశ మారాలి, లేదా రెక్కల కోణం మారాలి. తిప్పి బిగిస్తే చల్లబడదన్నది మాత్రం నిజమే.

సీల్‌కిట్
టేబుల్ ఫ్యాన్ రెక్క తిరగేసి చూశాను. మీరు చెప్పిందే. గాలి ముందుకే వస్తోంది, గోల ఎక్కువ, గాలి తక్కువ.

వంకరపళ్ళు
మా మేనేజర్ గురించేనా?

గేజురాయుడు
కూలర్ శుభ్రం చెయ్యడం ఎప్పుడూ మంచిదే, చేసెయ్. కానీ ముల్లు ఆకుపచ్చలోనే ఉంది. ఆ వేడికే నీరసపడుతోందంటే అరుగుదలో లీకో ఎక్కడో ఉంది, వేడి దాన్ని బయటపెడుతోంది.

వేడికీ నీరసానికీ లంకె ఏమిటో తెలియనివాళ్ళ కోసం. డబ్బా మీద 46 అని రాసి ఉంటే ఆ ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 46 సెంటీస్టోక్స్ అని. అదే ఆయిల్ 100 డిగ్రీలకి పోతే ఏడు చుట్టుపక్కలకి దిగిపోతుంది. పంపులో పిస్టన్‌కీ గుంతకీ మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. అరిగి కాస్త పెరిగినా చల్లటి చిక్కటి ఆయిల్ ఆ సందులోంచి పోలేదు. పలచబడ్డాక జారిపోతుంది. సీలు చిరిగినచోటా ఇదే జరుగుతుంది. అందుకే పొద్దున్న బాగుంటుంది, పదింటికి బాగుండదు.

బ్రేకర్‌బాబు
అందుకే మేము 68 పోస్తాం. సమస్య తీరిపోతుంది.

గేజురాయుడు
తీరదు, కొన్నాళ్ళు దాక్కుంటుంది. పొద్దున్నే చల్లటి 68 ఆయిల్‌ని పంపు పీల్చుకోలేక గరగరలాడటం నువ్వు వినలేదా? చల్లటి చోట అదే పంపుని తినేస్తుంది. కంపెనీ పుస్తకంలో బయటి వేడిని బట్టి ఏ గ్రేడో పట్టిక ఉంటుంది, దాని ప్రకారం పోతే చాలు.

బ్రేకర్‌బాబు
మాది రోజంతా ఎండలో బ్రేకర్ కొట్టే బండి సార్. ఆ పట్టికలోనే ఎక్కువ వేడికి 68 ఉంది. దాక్కోవడం ఏమీ లేదు.

గేజురాయుడు
పట్టికలో ఉంటే పోయండి, నాకేం అభ్యంతరం లేదు. లీకుకి మందుగా పోయొద్దంటున్నాను.

లోడరమ్మ
ఎవరో మా లోడర్ హైడ్రాలిక్ ట్యాంకులో ఇంజిన్ ఆయిల్ పోశారని సైట్‌లో పెద్ద గొడవైంది. తీరా మాన్యువల్ తీస్తే 10డబ్ల్యూ ఇంజిన్ ఆయిల్ పోయొచ్చని ఉంది! కొమాత్సు పుస్తకాల్లో కూడా అలా ఉంటుంది. అంటే ఏది పడితే అది కలిపెయ్యమని కాదు. రెండు రకాలు కలపకుండా ఉండటం ముఖ్యం.

మట్టిమనిషి
మాది 46, డబ్బా సీలు నేనే తీశాను. కూలర్ ఈరోజు ఊడదీసి శుభ్రం చేశాం, బాబు చెప్పిన దుప్పటి మాకూ దొరికింది. ముల్లు కొంచెం కిందికి దిగింది. నీరసం మాత్రం అలాగే ఉంది, కాకపోతే ఇంకో అరగంట ఆలస్యంగా వస్తోంది.

చైన్‌ప్లేటు
ఎడమ చైన్ సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? ఈ సైజు మెషీన్లలో ఎక్కువవాటికి మెయిన్ పంపులు రెండు. ఒకటి ఒక చైన్‌కి, రెండోది ఇంకో చైన్‌కి. బూమ్ ఎత్తేటప్పుడు రెండూ కలుస్తాయి. ఒక పంపు నీరసపడితే నడకలో ఒక పక్క లాగడం మొదట తెలిసే గుర్తు. పంపు నుంచి వాల్వ్‌కి వెళ్ళే రెండు పెద్ద హోసులు అటుదిటు మార్చి చూడు. మెల్లబడే చైన్ మారితే పంపు. మారకపోతే పంపు నిర్దోషి, ఇంకా కిందికి వెళ్ళాలి. వాల్వ్ తర్వాత మార్చి చూడు, సెంటర్ జాయింట్ (పైభాగం తిరుగుతున్నా కింది చైన్లకి ఆయిల్ అందించే కీలు) తర్వాత మార్చి చూడు. ఒక్కో మెట్టు దిగుతూ వస్తే దొంగ దొరుకుతాడు.

సీల్‌కిట్
దాని కంటే కేస్ డ్రెయిన్, అంటే పంపు లోపల జారిన ఆయిల్ ట్యాంకుకి తిరిగిపోయే దారి, చూడటం తేలిక కదా? పంపు డ్రెయిన్ హోస్ ఊడదీసి డబ్బాలోకి పెట్టి నిమిషానికి ఎంత వస్తోందో కొలిస్తే సరి.

చైన్‌ప్లేటు
కొలవొచ్చు. కానీ జంట పంపుకి చాలాసార్లు డ్రెయిన్ ఒకటే ఉంటుంది, రెంటిలో ఏది కారుతోందో చెప్పదు. కారడం మాత్రం చెబుతుంది. ఒక్కటి గుర్తుంచుకో, ఆ హోస్‌కి బిరడా పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేసేవు! ఆయిల్ పోవడానికి దారి లేక షాఫ్ట్ సీల్ తన్నుకుని బయటికొస్తుంది. ట్యాంకు వైపు రంధ్రం మూసుకో, పంపు వైపు ఎప్పుడూ తెరిచే ఉండాలి.

నల్లనూనె
ఇంత అక్కర్లేదు. మెషీన్ రన్నింగ్‌లో ఉండగా హోసుల వెంట చెయ్యి రాసుకుంటూ పోతే ఎక్కడ కారుతుందో తెలిసిపోతుంది. నేను ఎప్పుడూ అలాగే పడతాను.

లోడరమ్మ
అయ్యా, దయచేసి ఈ మాట ఎవరూ పాటించకండి. సూది మొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ కంటికి కనబడదు, తోలుని చీల్చుకుని లోపలికి పోతుంది. ఈ మెషీన్లో మూడు వందల బార్‌పైన ప్రెషర్ ఉంటుంది, ఏడు బార్ ఉన్నా తోలు దాటగలదని సేఫ్టీ పాఠాల్లో చెబుతారు. మా దగ్గర ఒక హెల్పర్‌కి చూపుడు వేలి మొదట్లో చీమ కుట్టినంత మచ్చ. నొప్పి లేదు, తుడుచుకుని పని చేసుకున్నాడు. సాయంత్రానికి వేలు బూడిద రంగుకి తిరిగి బిగుసుకుపోయింది. అరచేయి దాకా కోసి లోపల నూనె అంతా కడిగారు. వేలు ఉంది, ముడవడం రాదు. అలాంటి గాయం ఎంత చిన్నదైనా వెంటనే ఆపరేషన్ చేసే ఆసుపత్రికి పోవాలి, "హైడ్రాలిక్ ఆయిల్ ప్రెషర్‌తో లోపలికి పోయింది" అని డాక్టరుకి గట్టిగా చెప్పాలి. లీకు వెతకడానికి అట్టముక్క వాడండి, దూరంగా పట్టుకుని.

నల్లనూనె
ఇన్నేళ్ళుగా ఏం కాలేదు నాకు.

చైన్‌ప్లేటు
ఆ హెల్పర్ కూడా ముందురోజు దాకా అదే అనుకుని ఉంటాడు.

గేజురాయుడు
ఇక పంపు సంగతి. గేజు పెడితే తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. బూమ్ సిలిండర్ చివరిదాకా పోయాక లివర్ నొక్కి పట్టుకుంటే గేజు 340 బార్ చూపించవచ్చు, దాన్ని చూసి పంపు బ్రహ్మాండం అనేస్తారు. ప్రెషర్ వేరు, ఫ్లో వేరు. అరిగిన పంపు కూడా కొంచెం కొంచెంగా నింపి ప్రెషర్ చేర్చేస్తుంది. వేగం ఇచ్చేది ఫ్లో. ఈ సైజు మెషీన్లలో తరచు కనబడే కావసాకీ కె3వి112 తీసుకో, ఒక్కో పంపు చుట్టుకి 112 సీసీ తోస్తుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర లెక్కకి నిమిషానికి 224 లీటర్లు. ఇందులో నలభై లీటర్లు లోపలే జారిపోయినా, నిలబెట్టి చూసే ప్రెషర్ పరీక్షలో నీకు తెలియకపోవచ్చు.

ఫ్లో మీటర్ లేకపోతే ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ఖాళీ బకెట్‌తో బూమ్ కింది నుంచి పైకి ఎన్ని సెకన్లు, స్వింగ్ మూడు చుట్లు ఎన్ని సెకన్లు, ఇరవై మీటర్లు నడవడానికి ఎన్ని సెకన్లు. ఒకసారి చల్లగా, ఒకసారి వేడిగా. అప్పుడు మాట్లాడుకుందాం. ఇంకో పని, పైలట్ ప్రెషర్ కొలువు. చిన్న గేజు, అరగంట పని. ఆ ప్రెషర్ 35 నుంచి 40 బార్ మధ్య ఉండాలి. లివర్ కదిపితే స్పూల్‌ని జరిపేది అదే. అది తగ్గితే స్పూల్ సగమే తెరుచుకుంటుంది, అన్ని పనులూ ఒకేసారి మెల్లబడతాయి, ఇంజిన్ మీద లోడు పడదు. నీ మెషీన్ చెబుతున్నది ఇదేనేమో.

పాతపారా
ఈ సీళ్ళు, సందులు, లీకులు మనకి పోటు కానీ రోప్ మెషీన్ల కాలంలో ఇవేవీ లేవు. విలియం ఓటిస్ ఆవిరి పారకి పేటెంట్ వచ్చింది 1839లో. తర్వాత వందేళ్ళకు పైగా తవ్వకమంతా గొలుసులు, ఇనుప తాళ్ళే. 1950లలో హైడ్రాలిక్స్ వచ్చాక జేసీబీ 1953లో బ్యాక్‌హో లోడర్ తెచ్చింది, ఫ్రాన్సులో పొక్లెయిన్ కంపెనీ 1961లో టీవై45 తెచ్చింది, పైభాగమంతా చుట్టూ తిరిగేది. తాడు తెగితే కంటికి కనబడేది. ఇప్పుడు జబ్బంతా లోపలే.

వంకరపళ్ళు
తాత గారూ, తాడు తెగినప్పుడు దాని దారిలో ఉన్నవాళ్ళకి కూడా బాగానే కనబడేదట.

మట్టిమనిషి
ఫలితాలు. చల్లగా పైలట్ 38 బార్. వేడెక్కి నీరసపడ్డాక 24. ఇది చూసి నాకే ఆశ్చర్యమేసింది. స్వింగ్ మూడు చుట్లకి వేడిలో దాదాపు సగం ఎక్కువ టైం పడుతోంది. రిటర్న్ ఫిల్టర్ కోసి విప్పి చూశాం. బంగారు రంగు తురుము ఎక్కడా లేదు. అక్కడక్కడా నల్లటి సన్నటి ముక్కలు, గోరు తుంపులంత, వంచితే వంగుతున్నాయి. అయస్కాంతానికి అంటుకోవట్లేదు.

గేజురాయుడు
24 అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. బంగారు తురుము లేకపోవడం పెద్ద ఊరట. పంపు పిస్టన్ల చివర ఉండే చెప్పులు (జారే బిళ్ళలు) కంచు జాతివి, పంపు తినేసుకుంటుంటే ఆ రంగు కనబడాలి. ఇప్పుడు లాక్ లివర్ వేసి, అదే వేడిలో, పైలట్ పంపు దగ్గర గేజు చూడు. లాక్ వేస్తే లివర్ల వైపు ఆయిల్ ఆగిపోతుంది. ప్రెషర్ మళ్ళీ 38కి వస్తే లివర్ల కింది వాల్వులు కారుతున్నాయి. రాకపోతే పైలట్ ఆయిల్ ఇచ్చే చిన్న గేర్ పంపో, ప్రెషర్ హద్దు దాటకుండా చూసే పైలట్ రిలీఫ్ వాల్వో.

సీల్‌కిట్
రిలీఫ్ వాల్వ్ సీటు మీద చిన్న చెత్త ఇరుక్కున్నా తగ్గుతుంది కదా?

గేజురాయుడు
తగ్గుతుంది. కానీ అప్పుడు చల్లగా ఉన్నా కొంచెమైనా తేడా ఉండాలి. ఇక్కడ చల్లగా 38 నిండుగా ఉంది. చూద్దాం.

మట్టిమనిషి
లాక్ వేసినా 25. పెరగలేదు. మెకానిక్‌ని పిలిచి చెబితే "చెప్పాను కదా, పంపే" అన్నాడు. ఈసారి చిన్న పంపు అంటున్నాడు.

వంకరపళ్ళు
ఏదో ఒక పంపు మార్చకుండా ఆయన ఇంటికి పోడు.

చైన్‌ప్లేటు
ఆగు ఆగు. పంపు ఆర్డర్ పెట్టకు. చాలా మెషీన్లలో కుందేలు-తాబేలు స్విచ్ (నడక వేగానికి కుందేలు, నెమ్మదికి తాబేలు బొమ్మ) లైను ఈ లాక్ తర్వాత ఉండదు, ముందే చీలిపోతుంది. నడక వేగం మార్చడానికి పైలట్ ఆయిల్ సెంటర్ జాయింట్ గుండా కింద ట్రావెల్ మోటార్ల దాకా పోతుంది. స్విచ్ కుందేలు మీద ఉన్నంతసేపూ, మెషీన్ కదలకపోయినా, ఆ లైనులో ప్రెషర్ ఉంటుంది. సెంటర్ జాయింట్‌లో ఆ సీలు తెగితే పక్కనే ఉన్న డ్రెయిన్ గాడిలోకి జారిపోతుంది. బయటికి ఒక్క చుక్క కనబడదు. నల్లటి ముక్కలన్నావు, అవి సీలు ముక్కలు అయ్యుండొచ్చు. మీ ఆపరేటర్ స్విచ్ ఎప్పుడూ ఎక్కడ ఉంచుతాడు?

మట్టిమనిషి
ఎప్పుడూ కుందేలే. మళ్ళీ మళ్ళీ నొక్కడం ఎందుకని అలా వదిలేస్తాడు.

చైన్‌ప్లేటు
వేడిగా ఉన్నప్పుడు, 24 చూపిస్తున్న సమయంలోనే, తాబేలు నొక్కి గేజు చూడు. అంతే. ఏమీ విప్పకు.

గేజురాయుడు
బాగా పట్టావు. ఎడమ చైన్ స్పీడులో ఎక్కువ వెనకబడటానికీ ఇది సరిపోతుంది. ఎడమ మోటారుకి వేగం మార్చే ప్రెషర్ చాలక అది సగంలో ఉండిపోతూ ఉండాలి.

బ్రేకర్‌బాబు
పందెం. నేను ఇంకా పంపు మీదే ఉన్నాను. తొమ్మిది వేల గంటలు తక్కువేం కాదు.

మట్టిమనిషి
తాబేలు నొక్కగానే గేజు ముల్లు 24 నుంచి 36కి లేచింది. నా కళ్ళ ముందే. కుందేలు నొక్కితే మళ్ళీ కిందికి. నాలుగైదు సార్లు అటూ ఇటూ నొక్కుతూనే ఉన్నాను, చుట్టూ జనం చేరిపోయారు. తాబేలు మీద బూమ్ పొద్దున్నలాగే లేస్తోంది, వేడిలోనే.

వంకరపళ్ళు
కథలోలాగే, ఇక్కడ కూడా తాబేలే గెలిచింది.

బ్రేకర్‌బాబు
పందెం పోయింది. కట్టేదేమీ లేదు కాబట్టి హాయిగా ఒప్పుకుంటున్నా.

సీల్‌కిట్
సెంటర్ జాయింట్ సీలు మార్చడం చేసినవాళ్ళు ఎవరైనా చెబుతారా? నాకూ నేర్చుకోవాలని ఉంది.

చైన్‌ప్లేటు
పని కష్టం కాదు, చోటే ఇరుకు. మెషీన్ సమతలం మీద పెట్టి, బకెట్, ఆర్మ్ నేల మీద ఆన్చి, ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి లివర్లు అన్ని వైపులా ఊపు, మిగిలిన ప్రెషర్ పోతుంది. ట్యాంకు మూత గాలి కూడా వదులు. కింది నుంచి మధ్య కవరు తీస్తే జాయింట్ కనబడుతుంది. హోసులు విప్పేముందు ప్రతిదానికీ గుర్తు పెట్టు. ఒక్కటి మారినా ముందుకి నొక్కితే వెనక్కి పోతుంది. గుర్తుకి రంగు టేపు వద్దు, నూనె తగిలి ఊడిపోతుంది, పంచ్‌తో చుక్కలు కొట్టు.

లోపలి రాడ్డు కిందికి జారాక సీళ్ళు వరసగా గాడుల్లో కనబడతాయి. కొత్తవి వేసేముందు ఆ రాడ్డు మీద, బయటి గొట్టం లోపల గోరుతో గీసి చూడు. గోరు తట్టుకుంటే ఆ గీత కొత్త సీలుని కూడా కోసేస్తుంది, అప్పుడు జాయింటే మార్చాలి. సీలు కింద ఉండే 'O' ఆకారపు రబ్బరు రింగు (ఓ-రింగు) మెలితిరగకుండా చూసుకో. హైడ్రాలిక్ ఆయిల్ పూసి నెమ్మదిగా ఎక్కించు, సుత్తి దగ్గరికి రానివ్వకు. మెషీన్ కింద పనిచేసేటప్పుడు తాళం జేబులో వేసుకుని క్యాబిన్ తలుపు మీద బోర్డు తగిలించు.

లోడరమ్మ
తాళం జేబులో అన్నమాట మూడుసార్లు చదవండి. ఎవరో వచ్చి "కొంచెం స్వింగ్ తిప్పుదాం" అంటే కింద ఉన్నవాడి సంగతి అంతే.

డీజిల్‌దాసు
అమ్మా, మీ లోడర్లకి ఈ జాయింట్ బాధ లేదుగా, నడుమే విరుగుతుంది.

లోడరమ్మ
నడుము విరగదు, వంగుతుంది. దాని పిన్నులకి గ్రీజు పెట్టకపోతే అప్పుడు విరుగుతుంది! మా బాధ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకి అందించేది) దగ్గర. కుప్పలోకి బకెట్ దూర్చి, పై గేరులో యాక్సిలేటర్ తొక్కి పట్టుకునే కొత్త పిల్లలుంటారు, ఆ శక్తంతా కన్వర్టర్ ఆయిల్‌లో వేడిగా మారుతుంది. చక్రాలు గీరుకుంటే టైర్లు పోతాయి. దూరగానే బకెట్ కొంచెం ఎత్తితే బరువు ముందు చక్రాల మీద పడి పట్టు దొరుకుతుంది, అది నేర్పడానికే నా సగం రోజు పోతుంది.

మట్టిమనిషి
సీళ్ళు మార్చాం. మధ్యలో ఒకటి ముప్పావు వంతే మిగిలింది, మిగతా పావు ముక్క ఫిల్టర్‌లో దొరికిన నల్లటి తుంపులే. రాడ్డు మీద గోరుకి తట్టే గీతలేమీ లేవు. కొత్తవి వేశాక వేడిలో కుందేలు మీద 37 నిలబడింది. స్వింగ్ మూడు చుట్లు చల్లగా ఎంతో వేడిగా అంతే, ఒక సెకను అటూ ఇటూ. ఎడమ చైన్ చాలావరకు సర్దుకుంది, పూర్తిగా కాదు. మెయిన్ పంపు మీద చెయ్యి పడలేదు.

చైన్‌ప్లేటు
మిగిలిన కాస్తా చైన్ల బిగువులో తేడా కావొచ్చు. బూమ్‌తో నొక్కి ఒక్కో పక్క పైకి లేపి చైన్ ఎంత వేలాడుతోందో రెండు పక్కలా కొలువు. బిగువు ఎక్కువైన పక్క బరువుగా తిరుగుతుంది. వదులు చెయ్యాలంటే చైన్ బిగువు పట్టి ఉంచే గ్రీజు వాల్వ్ ఒక్క చుట్టు మాత్రమే తిప్పు, ముఖం ఎదురుగా పెట్టకు. మొత్తం విప్పేస్తే ఆ వాల్వ్ తూటాలా వస్తుంది.

గేజురాయుడు
కొత్త ఫిల్టర్ కొన్నాళ్ళకే తీసి కోసి చూడు. మిగిలిపోయిన సీలు తునకలు ఏ స్పూల్ సందులోనో చేరితే ఇంకో తలనొప్పి. పంపు బాగుందని తేలిపోయిందనుకోకు, వీలైనప్పుడు డ్రెయిన్ కూడా కొలిచి రాసి పెట్టుకో. ఇప్పటి అంకె ఉంటే రేపటి అంకెతో పోల్చుకోవచ్చు.

మట్టిమనిషి
ఎడమ చైనే బిగువుగా ఉంది. వదులు చేశాం, తిన్నగా పోతోంది. మెకానిక్ ఫోన్ చేసి పంపు ఎప్పుడు వస్తోందని అడిగాడు.

వంకరపళ్ళు
తాబేలు మీద బయల్దేరిందని చెప్పు.

కొత్తడ్రైవరు
ఇందులోనే అడుగుతున్నా, ఏమనుకోకండి. మా బ్యాక్‌హో లోడర్ వెనక బూమ్ రాత్రి ఎత్తి ఉంచితే పొద్దున్నకి నేల మీద ఉంటోంది. సిలిండర్ సీళ్ళు మార్చాం, అయినా అంతే. పంపు పోయిందంటారా?

సీల్‌కిట్
అమ్మో, మళ్ళీ పంపు!

గేజురాయుడు
ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు దిగిపోతుంటే పంపుకి ఏం సంబంధం బాబూ, అది అప్పుడు తిరగనే తిరగదు. సిలిండర్ కాకపోతే కంట్రోల్ వాల్వ్ స్పూల్ గానీ, బూమ్‌ని పట్టి ఉంచే వాల్వ్ గానీ చూడాలి. అసలు రాత్రి బూమ్ గాల్లో ఎందుకు వదిలేస్తున్నారు? నేల మీద ఆన్చి, లాక్ వేసి పొమ్మని ఆపరేటర్‌కి చెప్పు. ఏ మోడలో, ఎన్ని గంటలు నడిచిందో రాసి కొత్త టాపిక్ తెరువు, అక్కడికి వస్తాను.